తెల్లబట్ట, దురద, చివరికి షుగరు: అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా నా అనుభవం

నాకు ముప్పై ఆరేళ్లు. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పప్పుడే ఆపరేషన్ చేయించుకున్నాను. కావలి దగ్గర పల్లెలో ఉంటాం, కావలిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. ఆరు నెలలుగా పడిన బాధ ఈ మధ్యే ఒక దారికొచ్చింది. మా స్టాఫ్ రూములో ఒకరిద్దరికి చెప్తే వాళ్లకూ ఇదే ఉందని, ఏళ్ల తరబడి ఉందని తెలిసింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదలైంది పోయిన అక్టోబరు చివర్లో, మొంథా తుపాను వానలప్పుడు. ముందు దురద లేదు, నొప్పి లేదు, వాసన ఒక్కటే. పాడైన చేప వాసన లాంటిది. తెల్లబట్ట నాకు పెళ్లికి ముందు నుంచీ అంతో ఇంతో అవుతూనే ఉండేది కానీ ఇది వేరు, పల్చగా నీళ్లలా, కొంచెం బూడిద రంగులో. నెలసరి అయిపోయిన రెండు మూడు రోజులు, మా ఆయనతో కలిసిన మర్నాడు ఆ వాసన మరీ ఎక్కువయ్యేది. రోజుకు రెండు పూటలా స్నానం చేసినా పోదు. క్లాసులో పిల్లల నోటు పుస్తకం మీదకు వంగి లెక్క దిద్దాలంటే భయం, వాళ్లకు తెలుస్తుందేమోనని. స్టాఫ్ రూములో ఫ్యాను కింద కుర్చీ నాది, అది వదిలేసి గుమ్మం దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. కార్తీక పౌర్ణమికి అందరూ గుడిలో దీపాలు పెడుతుంటే నేను వెనక నిలబడ్డాను. నన్నెవరూ ఏమీ అనలేదు, నాకే దగ్గరికి పోబుద్ధి కాలేదు.

మా అత్తకు చెప్పాను. "వేడి చేసిందమ్మే, ఈ వయసులో అందరికీ అయ్యేదే" అని బార్లీ కాచి ఇచ్చింది, సుగంధి నీళ్లు ఇచ్చింది, సగ్గుబియ్యం జావ ఇచ్చింది. తెల్లబట్ట పోతే ఒంట్లో సత్తువ పోతుందని, ఎముకలు గుల్లబారతాయని ఆమెకు గట్టి నమ్మకం, అందుకే పాపం గుడ్డు కూడా రోజూ పెట్టింది. ప్రేమగానే చేసింది. వాసన మాత్రం తగ్గలేదు.

నవంబరు మధ్యలో మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి పోయాను. మనిషి మంచివాడే, చిన్నప్పటి నుంచి చూస్తున్నవాడే, కానీ మగమనిషి ముందు ఎంతని చెప్తాం. "తెల్లబట్టండీ" అన్నాను, అంతే. ఒక క్యాప్సూలు, ఒక ఆయింట్‌మెంటు ఇచ్చాడు, 180 రూపాయలు. ఏమీ తేడా లేదు. తర్వాత కావలిలో మందుల షాపులో అడిగితే మూడు రకాల మాత్రలున్న చిన్న అట్టపెట్టె ఇచ్చాడు, అన్నీ ఒకే రోజు వేసుకోమన్నాడు. ఒక వారం వాసన తగ్గింది, నెలసరి వచ్చి పోగానే మళ్లీ మామూలే. డిసెంబరు మొదట్లో టౌనులో ఒక ఆసుపత్రికి వెళ్లాను. ఓపీ 400. గంటన్నర కూర్చున్నాక లోపలికి పిలిచారు, బల్లకు అటువైపు నుంచే "ఎన్నాళ్ల నుంచి? దురద ఉందా?" అని అడిగి చీటీ రాసేశారు. నేను చెప్పడం మొదలుపెట్టేలోపే బెల్లు కొట్టారు. మందులు 650 అయ్యాయి. అవి వాడినన్నాళ్లూ కాస్త నయం, ఆపాక వాసన తిరిగొచ్చింది.

ఇంతవరకు మందు ఇచ్చిన వాళ్లలో ఒక్కరూ నన్ను పరీక్ష చేయలేదు. అప్పుడు నాకది తప్పని కూడా తోచలేదు, పరీక్ష తప్పిందని లోపల సంతోషించాను కూడా, అంత సిగ్గు మనకు.

మా స్కూల్లో తెలుగు చెప్పే అక్క ఒకామె ఇంకో లేడీ డాక్టరు పేరు చెప్పింది. "వెళ్లగానే, చూసి చెప్పండి మేడమ్ అని నువ్వే అడుగు" అంది. క్రిస్మస్ సెలవుల్లో పోయాను. పొద్దున పదింటికి టోకెను తీసుకుంటే నా వంతు వచ్చేసరికి ఒంటిగంట. కూర్చున్నంతసేపూ పక్కన గర్భిణులు, చంకలో పిల్లలు, మధ్యలో నేనొక్కదాన్నే ఏదో తప్పు చేసి వచ్చినట్టు అనిపించింది.

ఈ డాక్టరు ముందు చాలా అడిగింది. రంగేంటి, చిక్కగానా పల్చగానా, వాసన ఉందా, ఎప్పుడు ఎక్కువ, దురదా మంటా, మూత్రం పోసేటప్పుడు మంటా, పొత్తికడుపులో నొప్పి, జ్వరం ఉన్నాయా, కలిసిన తర్వాత రక్తం కనపడుతుందా, నెలసరి మధ్యలో మరకలు వస్తున్నాయా, ఈ మధ్య ఏ యాంటీబయాటిక్స్ వాడావు, ఇంట్లో షుగరు ఎవరికైనా ఉందా. రక్తం, జ్వరం, పొత్తికడుపు నొప్పి గురించి రెండుసార్లు అడిగింది. అవి ఉంటే ఒక్క రోజు కూడా ఆగకూడదంట, గర్భసంచి దాకా ఇన్ఫెక్షన్ పాకి ఉండొచ్చు, లేదా గర్భసంచి ముఖద్వారం దగ్గర ఇంకేదైనా ఉండొచ్చు. నాకు అవేవీ లేవు.

పరీక్ష గురించి వివరంగా రాస్తాను, చాలామంది ఆగిపోయేది ఇక్కడే కాబట్టి. తెర వెనక బల్ల మీద పడుకోబెట్టి నడుము నుంచి కిందికి దుప్పటి కప్పారు. చీర కట్టుకుని పోయాను కాబట్టి విప్పే పని లేకపోయింది, చుడీదార్ అయితే కింది ప్యాంటు తీయాలి, కాబట్టి చీర గానీ లంగా గానీ సుఖం. ముందే మూత్రానికి పోయి రమ్మన్నారు. స్పెక్యులమ్ అని బాతు ముక్కు లాంటి పరికరం, స్టీలుది, తగలగానే చల్లగా ఉంటుంది, ఆ చల్లదనానికే నేను బిగుసుకుపోయాను. నర్సమ్మ నా భుజం మీద చెయ్యేసి "నోటితో ఊపిరి వదులు పాపా" అంది. వదిలితే నిజంగానే వదులైంది. ఒత్తినట్టు ఉంటుంది, నొప్పి అని అనలేను. డాక్టరు దూది పుల్లతో కొంచెం స్రావం తీసి రెండు గాజు పలకల మీద రాసింది, కొంచెం ఒక పసుపు కాగితం ముక్క మీద అద్దింది, కాగితం రంగు మారింది. ఒక పలక మీద ఏదో చుక్క వేసి దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నేను రెండు నెలలుగా ఎవరికి తెలుస్తుందో అని చచ్చిపోతున్న ఆ వాసనను ఆమె మొహం ముడవకుండా, థర్మామీటరు చూసినట్టు చూసింది. నాకు ఏడుపొచ్చింది అక్కడే. మొత్తం అయ్యేసరికి ఐదు నిమిషాలు పట్టిందో లేదో.

ల్యాబు రిపోర్టు సాయంత్రానికే ఇచ్చారు, 600 రూపాయలు. "క్లూ సెల్స్ ప్రెజెంట్" అని, "ట్రైకోమోనాస్ నాట్ సీన్" అని ఉంది. క్లూ సెల్స్ అంటే బ్యాక్టీరియా అంటుకుని ఉన్న కణాలంట. నాది బ్యాక్టీరియల్ వజైనోసిస్ అని చెప్పింది. యోనిలో మామూలుగా మంచి బ్యాక్టీరియా ఉండి లోపల పులుపు నిలబెడతాయంట, వాటి పేరు లాక్టోబాసిలస్. ఆ పులుపు పీహెచ్ లెక్కలో 3.8 నుంచి 4.5 దాకా ఉండాలి. అవి తగ్గిపోయి వేరే బ్యాక్టీరియా పెరిగితే పీహెచ్ 4.5 దాటుతుంది, చేప వాసన వస్తుంది. కాగితం రంగు మారింది అందుకే. ఆర్‌ఎంపీ ఇచ్చిన క్యాప్సూలు ఫంగస్ మీద పనిచేసేది, నాకు అప్పుడు ఫంగస్ లేనే లేదు, ఇంక ఎట్ట తగ్గుతుంది.

ఆ రోజు ఆమె చీటీ వెనక నాకు ఒక నెల గీసి చూపించింది, అది ఇప్పటికీ దాచుకున్నాను. నెలసరి అయ్యాక కొన్నాళ్లు పొడిగా ఉంటుంది, తర్వాత తెల్లగా జిగటగా వస్తుంది, నెల మధ్యలో అండం విడుదలయ్యే రోజుల్లో గుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా, వేళ్ల మధ్య సాగేట్టు వస్తుంది, తర్వాత మళ్లీ చిక్కబడుతుంది. గర్భంతో ఉంటే ఇంకా ఎక్కువ అవుతుంది. బట్టకు అంటి ఆరాక లేత పసుపు మరకలా కనపడటం కూడా మామూలే. దురద, మంట, చెడు వాసన లేనంతవరకు అది జబ్బు కాదు, ఒంట్లో సత్తువ పోయేదేమీ లేదు, ఎముకలతో దానికి సంబంధమే లేదు. పెళ్లికి ముందు నుంచీ నేను భయపడింది దీనికే. ఇంటర్ హాస్టల్లో ఉన్నప్పుడు నాకేదో రోగం ఉందనుకుని పెళ్లి సంబంధాలు చూస్తుంటేనే వణికేదాన్ని. ఎవరూ ఒక్క మాట చెప్పలేదు కదా అనిపించి, తెలిసినందుకు సంతోషమో కోపమో నాకే అర్థం కాలేదు.

మందు మెట్రోనిడజోల్ 400, రోజుకు రెండు, వారం రోజులు, తిన్నాక వేసుకోవాలి. నోట్లో ఇనుము నాకుతున్నట్టు ఉంటుంది, అన్నం సయించదు, నాకు మూత్రం కూడా ముదురు రంగులో వచ్చింది. ఇది ముందే చెప్పింది కాబట్టి భయపడలేదు, చెప్పకపోయుంటే మూడో రోజే ఆపేసేదాన్ని. లోపల సబ్బు, డెట్టాల్, షాపులో అమ్మే వాసన లిక్విడ్లు ఏవీ వద్దు, బయట మామూలు నీళ్లు చాలు, లోపలికి నీళ్లు కొట్టి కడగొద్దు అంది. కడిగేకొద్దీ ఆ మంచి బ్యాక్టీరియానే పోతాయంట.

ఇంట్లో గొడవ ఇక్కడ వచ్చింది. ఇన్ఫెక్షన్ అనగానే మా ఆయన "నీకెట్ట వచ్చింది?" అన్నాడు. ఆ అడగడంలో ఉన్నది నాకు అర్థమైంది. రెండు రోజులు మాట్లాడలేదు నేను. తర్వాత ఇద్దరం కలిసి వెళ్తే డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి చెప్పింది: ఇది తప్పు తిరుగుడు వల్ల వచ్చే జబ్బని అనుకోవద్దు, లోపలి బ్యాక్టీరియా బ్యాలెన్స్ తప్పడం. ట్రైకోమోనాస్ అని ఇంకొకటి ఉంది, పసుపు పచ్చగా నురగలా అవుతుంది, అది కలయిక వల్ల అంటుకునేది, అది ఉండుంటే మీకూ మందు రాసేదాన్ని, ఈమెకు లేదు. అయినా హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ఒకసారి ఇద్దరూ చేయించుకుంటే మనసు కుదుటపడుతుంది అంటే ఇద్దరం చేయించుకున్నాం, ఏమీ లేదు. బయటకొచ్చాక ఆయన సారీ అని చెప్పలేదు గానీ ఆ రోజు నుంచి ప్రతిసారీ స్కూలు దగ్గర నుంచి బండి మీద ఆసుపత్రికి తనే తీసుకుపోయాడు.

జనవరి మొదటి వారానికి వాసన పూర్తిగా పోయింది. సరిగ్గా సంక్రాంతికి దురద మొదలైంది. ఇది ఎంత దురదంటే రాత్రి నిద్రలో గీరుకుని పొద్దునకు ఎర్రగా వాచి ఉండేది, మూత్రం తగిలితే నిప్పు పెట్టినట్టు. వాసన లేదు, విరిగిన పాల ముక్కల్లా తెల్లగా. పాతదే తిరగబెట్టిందనుకుని మిగిలిన మెట్రోనిడజోల్ మింగబోతుంటే తెలుగు అక్క ఫోనులో ఆపింది, అలా వేసుకుని ఉంటే ఇంకా ఎక్కువయ్యేదంట. కనుమ దాటాక వెళ్లాను. మళ్లీ అదే బల్ల, ఈసారి బిగుసుకుపోలేదు. ఇది ఫంగస్, కాండిడా అంది. యాంటీబయాటిక్స్ వాడినప్పుడు మంచి బ్యాక్టీరియా కూడా చచ్చి ఫంగస్‌కు చోటు దొరుకుతుందంట.

ఫ్లూకోనజోల్ 150 ఒకటి, క్లోట్రిమజోల్ లోపల పెట్టుకునే మాత్రలు ఆరు రాత్రులకు. ఈ లోపలి మాత్రల గురించి ఎవరూ చెప్పనివి చెప్తాను. పడుకునే ముందే పెట్టుకోవాలి, పెట్టుకున్నాక లేచి తిరగకూడదు. పొద్దునకు కరిగి తెల్లగా బయటికి వస్తుంది, అది జబ్బు కాదు, మందే. పల్చటి ప్యాడ్ పెట్టుకుంటే సరి. మొదటి రాత్రి కొంచెం మండింది. కండోమ్ వాడేవాళ్లు ఆ రోజుల్లో దాన్ని నమ్ముకోకూడదు, మందులో ఉండే నూనెలకు రబ్బరు దెబ్బతింటుంది.

ఆరబెట్టుకునే బట్టల గురించి కూడా అడిగింది. మా ఇంట్లో లోపలి బట్టలు దండెం మీద అందరికీ కనపడేట్టు ఆరేయరు, టవలు కింద దాచి, పెరట్లో గోడ నీడన ఆరేస్తాం. నవంబరు, డిసెంబరు వానల్లో అవి ఆరేది లేదు, చెమ్మగానే వేసుకుని స్కూలుకు పోయేదాన్ని. ఆ చెమ్మ ఫంగస్‌కు బాగా అనువు. ఇప్పుడు ఎండలో ఆరేస్తున్నా, పైన ఏ టవలూ లేదు. మా అత్త చూసి ఏమీ అనలేదు.

పాప్ స్మియర్ కూడా చేద్దాం, ముప్పై దాటిందిగా అంది డాక్టరు. గర్భసంచి ముఖద్వారం దగ్గర కణాలు తీసి క్యాన్సరు మార్పులున్నాయేమో చూసే పరీక్ష అది. నేను వెళ్లిన రోజుకు ముందు రాత్రి లోపలి మాత్ర పెట్టుకున్నానని తెలిసి వెనక్కి పంపేశారు. నెలసరి ఉండకూడదు, రెండు రోజుల ముందు నుంచి లోపల మందు పెట్టకూడదు, భర్తతో కలవకూడదు. జనవరి చివర్లో తీశారు, 900 రూపాయలు. రిపోర్టు వారం అన్నారు, పది రోజులు దాటింది. మా మేనత్త గర్భసంచి ముఖద్వారం క్యాన్సరుతోనే పోయింది, ఆ పది రోజులూ నాకు ఆమె ముఖమే. రిపోర్టు చేతికొస్తే పైనే "ఇన్‌ఫ్లమేటరీ స్మియర్" అని ఉంది, నా కాళ్లలో బలం లేదు. కింద ఇంకో లైను ఉంది, క్యాన్సరు మార్పులు గానీ దాని ముందు మార్పులు గానీ కనపడలేదని. ఇన్‌ఫ్లమేటరీ అంటే వాపు, ఇన్ఫెక్షన్ వల్ల వచ్చింది, అంతే. రిపోర్టు తీసుకున్నవాళ్లు కింది లైను కూడా చదవండి, లేకపోతే డాక్టరుకు చూపించేదాకా నాలాగే ప్రాణం పోతుంది.

ఫిబ్రవరిలో దురద మళ్లీ వచ్చింది. ఫ్లూకోనజోల్‌తో తగ్గి, నెల తిరక్కుండానే మార్చిలో మళ్లీ. నేను విసిగిపోయాను, ఇంక ఈ డాక్టరు కూడా లాభం లేదనుకున్నాను. ఆమె మాత్రం మందు మార్చకుండా షుగరు పరీక్ష రాసింది. నాకు షుగరేంటి, సన్నగా ఉంటాను, దాహం లేదు, ఏమీ లేదు అన్నాను. పరగడుపున 168 వచ్చింది. హెచ్‌బీఏ1సీ అని రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్షలో 8.1, దానికి 450 తీసుకున్నారు. 6.5 ఉంటేనే షుగరు కింద లెక్క. ఒంట్లో చక్కెర ఎక్కువగా ఉంటే ఫంగస్‌కు మేత దొరికినట్టే, పైన ఎంత పూసినా తిరిగొస్తూనే ఉంటుంది. ఆ రోజు ఇంటికొచ్చి పడుకున్నాను, అన్నం తినలేదు. మా నాన్నకు షుగరుతో కాలి వేళ్లు తీసేశారు. తెల్లబట్టని పోతే ఇది బయటపడిందేంటని ఏడ్చాను. ఇప్పుడే తెలియడం నయమని నాకు అనిపించడానికి చాలా రోజులే పట్టింది.

నెల్లూరులో షుగరు డాక్టరు దగ్గరికి వెళ్లేముందు మా లేడీ డాక్టరు చీటీ మీద రాసిచ్చింది, మాటగా కూడా చెప్పింది: నీకు ఈ ఇన్ఫెక్షన్ తరచుగా వస్తోందని ఆయనకు తప్పకుండా చెప్పు అని. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి కొన్ని షుగరు మాత్రలు చక్కెరను మూత్రంలోకి నెట్టేస్తాయి, దాంతో ఆ భాగంలో ఫంగస్ ఇంకా పెరుగుతుంది. ఆయనా చీటీ చదివి మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టాడు. ఫ్లూకోనజోల్ కూడా కొన్ని షుగరు మాత్రలతో కలిస్తే షుగరు మరీ పడిపోతుందంట, కాబట్టి రెండు చీటీలూ ఇద్దరికీ చూపించాలి. కావలి నుంచి నెల్లూరికి ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆధార్ చూపిస్తే స్త్రీశక్తి టికెట్టు, ఛార్జీ లేదు, ఆ ఒక్క ఖర్చు తప్పింది.

డబ్బుల సంగతి. స్కూల్లో నాకు వచ్చే జీతానికి ఇది పెద్ద ఖర్చే. తర్వాత తెలిసింది, ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఇలాంటి వాటికి విడిగా ఉంటుంది, పరీక్ష, మందు ఉచితం. మా స్కూలు ఆయమ్మ అక్కడే చూపించుకుంది, ఆమెకు ఆకుపచ్చ రంగు మందుల ప్యాకెట్టు ఇచ్చారు, అందులో సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ ఉంటాయి. ఆమె చెప్పడం, అక్కడ కూడా లేడీ డాక్టరే చూసింది, పేరు గట్టిగా పిలవరు అని. ముప్పై దాటిన ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం పరీక్ష కూడా ప్రభుత్వంలో చేస్తారు, ఏఎన్ఎంను అడిగితే ఏ రోజో చెప్తుంది.

ఇప్పుడు ఏప్రిల్. మూడు రోజులకొకటి చొప్పున మూడు ఫ్లూకోనజోల్ అయ్యాక, వారానికొకటి, ఆరు నెలలు వాడమన్నారు. నేను శనివారం పెట్టుకున్నాను, మర్చిపోకుండా ఉంటానని. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకు ఇది ఇలా ఇవ్వరు, ముందు అది అడిగే రాశారు. దురద మళ్లీ రాక నెల దాటింది. పరగడుపు షుగరు పోయిన వారం 121. స్టాఫ్ రూములో ఫ్యాను కింద కుర్చీలోకి తిరిగొచ్చాను. జూన్‌లో హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించాలి, ఆ రిపోర్టు తీసుకుని ఇద్దరు డాక్టర్ల దగ్గరికీ వెళ్లాలి. ఈసారి మా అత్త కూడా వస్తానంది. నెలసరి ఆగిపోయి పదేళ్లయిన మనిషి, ఈ మధ్య అప్పుడప్పుడు గోధుమరంగు మరక కనపడుతోందని మొన్న వంటింట్లో నాకొక్కదానికే చెప్పింది. జూన్ దాకా ఆగేది కాదది. సోమవారానికి టోకెను రాయించాను.